ఉమ్మిలో జాతకం

మాకు చిరకాల మిత్రులైన శెట్టిగారొకరు ఉన్నారు. వారి తాతగారు జార్జిటౌనులో, కొత్వాల్ చావడికి కూతవేటు దూరంలో, పప్పుధాన్యాల వ్యాపారం చేసినారు. ఇప్పటి కాపురం త్యాగరాయనగరంలో. ఇంట్లో తెలుగు మాట, ఏటా ఉగాది పచ్చడి, తెల్లవారగానే కాఫీ, ఈ మూడింటికీ లోపం రానివ్వని మనిషి.

మొన్న ఉగాదినాడు మేము వెళ్ళేసరికి ఆయన ముఖం ముడుచుకొని కూర్చుని ఉన్నారు. చేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టం. ఎదురుగా మనవడు గడియారం చూస్తూ నిలుచున్నాడు.

"వచ్చినారా? చూడండి వీడి నిర్వాకం! పచ్చడి తిని అరగంట కాలేదట, అందుకని కాఫీ తాగరాదట. ఈ గొట్టంలో గీతదాకా ఉమ్మి నింపాలట. ఎంగిలి కలిపితే మా అమ్మ వీపు చీరేది. ఎనభైయేళ్ళు వచ్చినాక వీడు ఎంగిలిని పార్సెలు కట్టి పంపమంటున్నాడు!"

"తాతా, మాట్లాడితే నోరు ఎండిపోతుంది. ఊరుకో" అన్నాడు మనవడు.

సంగతేమంటే, ఉమ్మిని పంపితే అందులోని జన్యువులను పరీక్షించి, మనిషి గుణాలు, రుచులు, అలవాట్లు చెప్పే కంపెనీలు ఇప్పుడు చాలా వచ్చినవి. అమెరికాలో ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీ 2006లో పుట్టింది. మన క్రోమోజోములు 23 జతలు గనుక ఆ పేరు. హైదరాబాదులో అనూ ఆచార్యగారు 2013లో మ్యాప్‌మైజీనోం అనే సంస్థ పెట్టినారు. మన చెన్నైలోనూ ఇట్టివి ఉన్నవి. శెట్టిగారి మనవడు తెప్పించినది వీటిలో ఏదీ కాదు, ఇంకొకటి. దాని పేరుతో మనకు పని లేదు.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. తొంభై పేజీల పైమాట. ఒక ఆదివారం సాయంకాలం మమ్మల్ని కూడా పిలిపించి, మనవడు ఫోనులో చూస్తూ పురాణం చదివినట్లు చదివి వినిపించినాడు.

"తాతకు చేదు బాగా తెలుస్తుంది. అందుచేత చేదు కూరలంటే ఇష్టపడడు."

శెట్టెమ్మగారు ఫక్కున నవ్వినారు. ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు కాకరకాయ వేపుడు ఎవరికోసం చేస్తారో ఆ వీధి వీధికంతటికీ తెలుసు.

"కొత్తిమీర సబ్బు వాసన వేయవచ్చును."

"ఇంకా?"

"కాఫీ నెమ్మదిగా హరిస్తుంది. ఎండవైపు చూస్తే తుమ్ములు వచ్చే అవకాశం ఉన్నది. జుట్టు వంకీలు తిరిగి ఉండవచ్చును."

శెట్టిగారు నున్నని తల తడుముకొన్నారు. "ఉండేదిలే, మా పెళ్ళినాడు" అన్నారు శెట్టెమ్మగారు.

నవ్వుకొన్నాము. కాని ఇంటికి వచ్చినాక మాకు కుతూహలం వదలలేదు. ఉమ్మిలో మన నాలుక రుచి ఎట్లా వ్రాసి ఉంటుంది? దీని వెనుక నిజమెంత, వ్యాపారమెంత? తెలిసినవారిని అడిగి, దొరికినది చదివి, మాకు బోధపడినది పాఠకులతో చెప్పుకొంటున్నాము.

చేదు సంగతి మొదట. ఇది చాలా పాత కథ. 1931లో అమెరికాలో విల్మింగ్టన్ పట్టణాన డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పి.టి.సి. అనే పొడిని సీసాలో పోస్తూ ఉన్నాడు. కొంత పొడి గాలికి లేచింది. పక్కనున్న సహోద్యోగి "అబ్బ, ఎంత చేదు!" అని ఉమ్మివేసినాడట. ఫాక్సు దగ్గరగా ఉండికూడా తనకేమీ తెలియలేదు. నాలుకమీద వేసుకొని చూచినా సుద్దముక్క నాకినట్లే ఉన్నది. ఇద్దరూ వాదులాడుకొని, నలుగురినీ పిలిచి నాకించి చూచినారు. కొందరికి భరించరాని చేదు, కొందరికి ఏమీ లేదు. ఈ తేడా తలిదండ్రులనుండి పిల్లలకు వస్తుందని త్వరలోనే తేలింది. సుమారుగా నలుగురిలో ముగ్గురికి చేదు తెలుస్తుంది, ఒకరికి తెలియదు. దేశాన్నిబట్టి, జాతినిబట్టి ఈ లెక్క మారుతుంది. 1939లో ఫిషర్, ఫోర్డ్, జూలియన్ హక్స్లీ అనే ముగ్గురు మహా పండితులు ఎడింబరో జంతుశాలలో చింపాంజీలకు ఈ మందునీళ్ళు పట్టి చూచినారు. వాటిలోనూ కొన్నిటికి చేదు, కొన్నిటికి లేదు!

చాలా ఏళ్ళు కాలేజీలలో పిల్లలకు ఈ మందులో ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్క ఇచ్చి నాకమనేవారు. మన పాఠకులలో జీవశాస్త్రం చదివినవారికి ఆ కాగితం జ్ఞాపకం ఉండే ఉంటుంది. తుదకు 2003లో దీనికి కారణమైన జన్యువు దొరికింది. ఆ జన్యువులో మూడుచోట్ల అక్షరాలు మారితే నాలుకమీది గ్రాహకం ఆకారం మారుతుంది, చేదు తెలియకుండా పోతుంది.

ఇంతవరకు గట్టి శాస్త్రమే. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, చేదును పట్టే గ్రాహకాలు మనిషికి సుమారు పాతిక రకాలున్నవి. పి.టి.సి. జన్యువు వాటిలో ఒక్కటి. క్యాబేజీ, ఆవ మొదలైనవాటిలోని చేదుకు దానితో సంబంధం ఉన్నది. కాకరకాయ చేదు వేరు జాతిది. ఉగాది పచ్చడిలో వేసే వేపపువ్వు చేదు మరొకటి. ఒక గది తాళంచెవి చూచి ఇల్లంతా చూచినట్లు చెప్పినాడు కంపెనీవాడు. పైగా చేదు తెలియడం వేరు, చేదు ఇష్టం కాకపోవడం వేరు. శెట్టిగారికి కాకరకాయ చేదు తెలియకకాదు, తెలిసే తింటారు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మగారు పులుసుబెల్లం పెట్టి వండి అలవాటు చేసినారు.

అమ్మ ప్రసక్తి వచ్చినది గనుక ఇంకొక ముచ్చట. 2001లో ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా అనే ఆవిడ కొందరు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు క్యారెట్ రసం తాగించి పరిశోధన చేసినారు. ఆ తల్లుల బిడ్డలు అన్నం తినే వయసుకు వచ్చినప్పుడు క్యారెట్ కలిపిన ఆహారాన్ని ముఖం చిట్లించకుండా తిన్నారు. తల్లి తిన్న తిండి రుచి ఉమ్మనీటిద్వారా, పాలద్వారా బిడ్డకు పరిచయమవుతుందన్నమాట. గోంగూర మీద మక్కువ జన్యువుల్లో ఉన్నదో లేదో మాకు తెలియదు కాని, బాలింత పథ్యం విడిచిన మర్నాటినుంచే బిడ్డకు ఉగ్గుపాలతోపాటు అదీ అందుతుందని దీనివల్ల ఊహించుకోవచ్చును.

కొత్తిమీర మాట కూడా ఇట్లాంటిదే. 2012లో అమెరికాలోని ఆ కంపెనీవారే తమ ఖాతాదారులను ప్రశ్నలడిగి, కొత్తిమీర సబ్బు వాసన వేస్తుందనేవారిలో వాసన పట్టే ఒక జన్యువు దగ్గర తేడా ఉన్నదని ప్రకటించినారు. తేడా ఉన్నమాట నిజమే. కాని దాని పలుకుబడి చాలా తక్కువ అని వాళ్ళే వ్రాసినారు. ఆ తేడా ఉన్నవారు ఎందరో హాయిగా తింటారు. ఈ లెక్కలు ఎవరిని చూచి కట్టినవో కూడా గమనించాలి. జన్యువులకూ గుణాలకూ సంబంధం కట్టే పరిశోధనలలో పాల్గొన్నవారు నూటికి దాదాపు 80 మంది ఐరోపా సంతతివారే. తెల్లవారి వంటింటిలో కట్టిన లెక్కను తెచ్చి తెలుగువారి వంటింటికి అతికిస్తే ఎట్లా ఉంటుందో, శెట్టిగారి జాతకం అట్లా ఉన్నది.

కాఫీకి వస్తే కొంత పస ఉన్నది. కాఫీలోని కెఫీనును కాలేయంలోని ఒక ఎంజైము హరింపజేస్తుంది. ఆ ఎంజైము జన్యువు కొందరిలో చురుకు, కొందరిలో మందం. మందంగా ఉన్నవారు సాయంకాలం నాలుగు గంటలకు తాగిన కాఫీ రాత్రి పదకొండు గంటలకు కూడా నెత్తురులో తిరుగుతుంది. కాని దీనికీ తిరకాసులున్నవి. సిగరెట్టు తాగేవారిలో అదే ఎంజైము వేగం హెచ్చుతుంది, గర్భిణులలో బాగా తగ్గుతుంది. అంటే ఒక్క మనిషికే ఒకనాడు ఒక వేగం, మరొకనాడు మరొక వేగం. శెట్టిగారు ఈ సంగతి విని, "నాకు రాత్రి నిద్ర పట్టదని నలభైయేళ్ళనుంచి మీ శెట్టెమ్మ చెబుతూనే ఉన్నది. ఆవిడ ఉమ్మి అడగలేదు, రొక్కం అడగలేదు" అన్నారు.

మాకు ఆ నివేదికలో కనబడని విషయం ఒకటి తోచింది. శెట్టిగారి చెవుల అంచుమీద వెంట్రుకలు గుబురుగా ఉంటవి. వారి నాన్నగారికీ అంతే. తొంభై పేజీలలో దీని ఊసే లేదు! ఎందుకంటే ఇది తెలుగువారి విషయం, ఐరోపావారిని అది అంతగా పట్టలేదు. మన చెవులు ఒకప్పుడు లోకమంతటా శాస్త్రగ్రంథాలకు ఎక్కినవని చాలామందికి తెలియదు.

1957లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే జగత్ప్రసిద్ధుడైన ఆంగ్ల జన్యుశాస్త్రజ్ఞుడు ఇంగ్లండు వదలి కలకత్తాకు వచ్చి స్థిరపడినారు. వారి దగ్గర శిష్యులైనవారిలో పిఠాపురంనుంచి వెళ్ళిన ద్రోణంరాజు కృష్ణారావుగారొకరు. ఈయన ఆంధ్రదేశంలోని వంశాలను పరిశీలించి, చెవి వెంట్రుకలు తండ్రినుంచి కొడుకుకు, కొడుకునుంచి మనవడికి, మగవారిలోనే నడుస్తున్నవని 1960లో ఒక వ్యాసం ప్రకటించినారు. మగవాడికి మాత్రమే ఉండే వై క్రోమోజోములో ఈ గుణం ఉన్నదని సిద్ధాంతం. మన గోత్రం ఎట్లా నడుస్తుందో అది కూడా అట్లాగే నడుస్తుందన్నమాట. 1964లో అమెరికాలోని కర్ట్ స్టెర్న్, ఆయన సహచరులు దీనిపై మరికొంత చర్చ చేసినారు. ఎన్నో పుస్తకాలలో ఈ మాట పాఠంగా నిలిచిపోయింది. 2004లో దక్షిణభారతంలోని చెవివెంట్రుకల మగవారి వై క్రోమోజోములను నేరుగా చదివి చూచినారు. ఈ గుణం ఉన్నవారి క్రోమోజోములకూ, లేనివారి క్రోమోజోములకూ తేడా కనబడలేదు. గుణం వై క్రోమోజోములో లేదని తేలింది. నలభైనాలుగేళ్ళ సిద్ధాంతం అట్లా పోయింది. ఇందులో కృష్ణారావుగారిని తక్కువచేయవలసినదేమీ లేదు. కంటితో వంశవృక్షాలు చూచి చెప్పగలిగినది వారు చెప్పినారు. తొంభై పేజీలవారు చెప్పేవాటిలో ఎన్ని ఇంకొక నలభైయేళ్ళు నిలుస్తవో మాత్రం మేము పందెం కాయము.

ఇదంతా వినోదం. ఇక్కడితో ఆపి ఉండేవాళ్ళమే. కాని ఆషాఢమాసంలో శెట్టిగారి మనవరాలికి పిత్తాశయంలో రాళ్ళున్నవని, ఆపరేషను చేయాలని డాక్టర్లు చెప్పినారు. మేము పలకరింపుకు వెళ్ళినాము. పిల్ల ధైర్యంగానే ఉన్నది. శెట్టెమ్మగారు మాత్రం వంటింట్లో మూలకు కూర్చుని కళ్ళు ఒత్తుకొంటున్నారు. చిన్న ఆపరేషనే గదా అన్నాము.

"మీకు చెప్పరాదు గాని... మా పెద్దాడబిడ్డ సంగతి జ్ఞాపకం వస్తున్నది" అన్నారావిడ.

శెట్టిగారు ఆవిడవంక కోపంగా చూచినారు. ఆ పైన తామే చెప్పినారు. 1978లో ఆయన అక్కగారికి గర్భసంచి ఆపరేషను జరిగింది. కత్తిపని గంటలో అయిపోయింది. మత్తు వదలలేదు. అసలు మత్తు కాదు, ఊపిరి తిరిగి రాలేదు. కాళ్ళూ చేతులూ కదలవు, రెప్ప ఎత్తలేదు. ఆరుగంటలసేపు డాక్టర్లూ నర్సులూ వంతులవారీగా చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి ఊదినారు. సాయంకాలానికి ఆవిడ తనంతట తాను ఊపిరి పీల్చింది. లేచినాక, మధ్యలో మాటలు వినబడుతూనే ఉన్నవి, బ్రతికే ఉన్నానని చెప్పడానికి మాత్రం కనురెప్ప కూడా కదపలేకపోయినాను అన్నదట. డాక్టరుగారు ఒక కాగితంమీద మందు పేరు వ్రాసి, "ఈ మందు మీ ఇంట్లో ఎవరికీ పడకపోవచ్చును, ఈ కాగితం జాగ్రత్త" అని ఇచ్చినారు. కాగితం జార్జిటౌన్ ఇల్లు మారినప్పుడు పోయింది. మాట మాత్రం ఇంట్లోవారే పోగొట్టినారు. అప్పటికి ఇద్దరు చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు కావాలి. ఆడపిల్లల ఇంట్లో ఏదో రోగమున్నదని పేరు వస్తుందేమోనని ఎవరూ నోరు విప్పలేదు. అక్కగారు పోయి పన్నెండేళ్ళయింది.

మేము కొయ్యబారిపోయినాము. ఎందుకంటే ఈ విషయం మాకు కొత్త కాదు, మా మిత్రుల ఇంటికి సంబంధించినదని మాత్రం తెలియదు.

మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే మందొకటి ఇస్తారు. దాని పేరు సక్సినైల్ కోలీన్. 1951 ప్రాంతంనుంచి వాడుకలో ఉన్నది. దానివల్ల గొప్ప సుఖమేమంటే ఐదుపది నిమిషాలలో దాని పని తీరిపోతుంది. కాలేయం తయారుచేసి నెత్తురులోకి వదిలే ఒక ఎంజైము దానిని విరిచివేస్తుంది. ఎవరి నెత్తురులో ఆ ఎంజైము లేదో, వారిలో ఆ మందు గంటలకొద్దీ నిలిచిపోతుంది. అంతసేపూ ఎవరైనా ఊపిరి పోస్తూ ఉంటే ప్రాణానికి భయం లేదు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు వాడతాడు, కథే ఉండదు. రోజువారీ బ్రతుకులో ఈ లోపంవల్ల ఏ బాధా లేదు. తింటారు, తిరుగుతారు, నూరేళ్ళు బ్రతుకుతారు. ఆపరేషను బల్లమీద తప్ప అది బయటపడదు.

ఈ లోపం ఆర్యవైశ్యులలో ఇతరులకంటె చాలా ఎక్కువ. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో బూపతిగారూ వారి సహచరులూ, వైశ్యులలో దీనికి కారణమైన జన్యువుమార్పు ఏదో కనిపెట్టి 2006లో ప్రకటించినారు. ఆ ఎంజైములో 307వ స్థానాన ఒక్క ముక్క మారుతుంది, అంతే. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి.లోని తంగరాజ్‌గారు, అమెరికాలోని డేవిడ్ రైక్‌గారు మొదలైనవారు కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సముదాయాల జన్యువులను పరిశీలించినారు. వైశ్యులలో ఈ లోపం ఇతరులకంటె 100 రెట్లు ఎక్కువని అందులో ఉదహరించినారు.

ఎందుకిట్లా? వారి లెక్కప్రకారం ఇప్పుడున్న లక్షలాది వైశ్యులు ఏ రెండువేల, మూడువేల ఏళ్ళనాటి కొద్దిమంది పూర్వుల సంతతి. ఆ తరువాత బయటి సంబంధాలు దాదాపు లేవు. ఆ కొద్దిమందిలో ఒకరికో ఇద్దరికో ఉన్న మార్పు ఇందరిలో పరచుకొన్నది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండూ మారిన జన్యువులే వస్తే లోపం ఏర్పడుతుంది. మేనరికం చేసుకొంటే ఆ అవకాశం పెరుగుతుంది, నిజమే. కాని మేనరికం లేకపోయినా, ఊరికి ఊరు దూరమైన సంబంధం చేసుకొన్నా, మూలపురుషులు వారే గనుక చిక్కు ఉండనే ఉంటుంది. ఇది ఒక్క వైశ్యుల సంగతి కాదు. ఆ పరిశోధనలో ఇట్లా కొద్దిమంది పూర్వులనుంచి గట్టిగా వ్యాపించిన సముదాయాలు 81 తేలినవి. వాటిలో పద్నాలుగింటి జనాభా పదేసి లక్షల పైచిలుకు. మన పాఠకులలో ఏ కులంవారైనా తమకు దీనితో పనిలేదని అనుకోవలసినది లేదు. ఎవరి మూట ఏమిటో వారికి ఇంకా విప్పి చూపలేదు, అంతే.

మేము మనవడిని పిలిచి, ఆ తొంభై పేజీలలో ఈ ఎంజైము మాట ఉన్నదా వెదకమన్నాము. వెదికినాడు. లేదు. మనిషి జన్యువుల పుస్తకంలో 300 కోట్ల అక్షరాలుంటే, ఈ పరీక్షలో చదివేది ముందుగా ఎంచుకొన్న ఆరేడు లక్షలచోట్ల మాత్రమే. మన అక్షరం ఆ చోట్లలో లేకపోతే దానికి కనబడదు. తాతగారికి ఎండలో తుమ్ము వస్తుందా రాదా అన్నది అందులో ఉన్నది. ఆపరేషను బల్లమీద ఊపిరి ఆగుతుందా అన్నది లేదు.

ఆ రాత్రే శెట్టిగారు కొడుకును వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళి మత్తు డాక్టరుగారితో అక్కగారి సంగతి చెప్పినారు. చెప్పేముందు తలుపు వేసివచ్చినారట, పాపం, నలభైయేళ్ళ అలవాటు! ఆ డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. "మీరు చెప్పడం చాలా మంచిదయింది" అని, మనవరాలికి నెత్తురుపరీక్ష వ్రాసి, ఇంట్లో మిగిలినవారూ చేయించుకొంటే మంచిదన్నారు. దీనికి జన్యుపరీక్షే అక్కరలేదు. నెత్తురులో ఆ ఎంజైము ఎంత పనిచేస్తున్నదో చూస్తే చాలు. పురుగులమందు తాగినవారికి చేసేది కూడా ఈ పరీక్షే గనుక చాలా ఆసుపత్రులలో దొరుకుతుంది.

మనవరాలికి ఎంజైము సరిపోను ఉన్నది. అయినా డాక్టరమ్మ ఆ మందు జోలికి పోకుండా వేరే మందుతో ఆపరేషను జరిపించినారు. పిల్ల మూడోనాడు ఇంటికి వచ్చింది. ఎనభైయేళ్ళలో ఒక్కనాడూ కత్తికి ఎదురుపడని శెట్టిగారి నెత్తురులో మాత్రం అది దాదాపు లేదు.

శెట్టిగారి చెల్లెళ్ళు ఇద్దరూ ఉన్నారు, ఒకరు నెల్లూరులో, ఒకరు బెంగుళూరులో. వారికి చెప్పాలా వద్దా అని ఇంట్లో రెండురోజులు వాదోపవాదాలు జరిగినవి. మనవరాళ్ళకు సంబంధాలు చూస్తున్నారు, ఇప్పుడెందుకీ గొడవ అని కోడలు. ఆ భయం మేము కాదనము. అయితే ఇది పెళ్ళి ఆపవలసిన దోషం కాదు. ఈ సందర్భంలో న్యూయార్కు యూదుల పద్ధతి చెప్పినాము. జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే యూదుల గురువుగారికి టే శాక్స్ అనే జబ్బుతో నలుగురు బిడ్డలు పోయినారు. ఆయన 1983లో ఒక సంస్థ పెట్టినారు. పిల్లలందరికీ పెళ్ళీడుకు ముందే పరీక్ష చేసి ఒక అంకె ఇస్తారు. సంబంధం కుదుర్చుకొనేముందు రెండు అంకెలూ చెబితే, కలుస్తవో కలియవో చెబుతారు. ఎవరిలో ఏమున్నదో ఎవరికీ చెప్పరు. జాతకాలు చూపి నాడీకూటమి అడిగే మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. అది బిడ్డలు పోయే జబ్బు గనుక అంత కట్టుదిట్టం. మన ఎంజైము సంగతికి అదీ అక్కరలేదు, జేబులో ఒక చీటీ చాలు. నాడీకూటమి కలియక ఆగిన సంబంధాలు ఎన్నో చూచినాము. ఈ చీటీవల్ల సంబంధం ఆపేవారుంటే వారితో వియ్యమందకపోవడమే మేలని శెట్టెమ్మగారు తేల్చినారు. నెల్లూరికీ బెంగుళూరికీ ఆవిడే ఫోను చేసినారు.

మనవడికి కూడా ఒక మాట చెప్పక తప్పలేదు. తాతగారి ఉమ్మి తాతగారి ఒక్కరిదే కాదు. కొడుకులది, చెల్లెళ్ళది, వారి పిల్లలది కూడా కొంత అందులో పోయింది. వారినెవరినీ అడగలేదు. 2023లో అమెరికాలోని ఆ పెద్ద కంపెనీనుంచి సుమారు 69 లక్షలమంది వివరాలు దొంగలపాలైనవి. 2025 మార్చిలో అదే కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది, అందరి జన్యువులూ ఎవరి చేతికి పోతవోనని గగ్గోలు పుట్టింది. తుదకు దానిని స్థాపించినవారిలో ఒకరైన ఆన్ వోచిట్స్కీగారి సంస్థే కొనుక్కొన్నది. "నీవు పంపినవారి దగ్గర ఆ గొట్టం ఇప్పుడేమయింది?" అని అడిగితే మనవడు తల గోక్కొన్నాడు. తీసివేయమని వారికి వ్రాసినాడు. జవాబు ఇంకా రాలేదు.

పోయిన వారం వెళ్ళినప్పుడు శెట్టిగారు పర్సు తెరచి చూపినారు. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి పటం వెనుక, అంటించి, మడతపెట్టిన చీటీ ఉన్నది. మందు పేరు ఇంగ్లీషులో వ్రాసి, కింద "ఈ మందు ఇవ్వవద్దు" అని తెలుగులోనూ అరవంలోనూ వ్రాయించినారు. అక్షరాలు మనవడివి. శెట్టెమ్మగారు ఆ చీటీ నకలు నాలుగు తీయించి, ఒకటి మందులపెట్టెలో, ఒకటి దేవుడి గూట్లో పెట్టినారు. మిగిలిన రెండూ ఆ పూటే రిజిస్టరు పోస్టులో వెళ్ళినవి.

ఆ చూపడం అయినాక భోజనానికి కూర్చోబెట్టినారు. వేడన్నంలోకి కొత్తిమీర పచ్చడి వడ్డించినారు. శెట్టిగారు మారు అడిగి వేయించుకొన్నారు.